షీటు నంబరు 2117

నా కొలువు మొక్కల్ని చంపి దాచుడు.
పాత పేపర్ల నడుమ పరిచి, పలకల మధ్య బిగించి,
రోజూ తడి కాయితం తీసి పొడిది పెట్టి
పదిరోజులల్ల అడవిని అట్టంత పల్చగ చేస్త.
హన్మకొండల ఇరవై రెండేండ్ల సంది ఇదే పని.
అన్నం కలిపినా చేతులు కలరా ఉండల వాసన.

ఆ వానకాలం తాడ్వాయి దాటినంక
జీపు పోని కాడ దిగి నడిచినం.
ముందు కుర్సం ఎర్రక్క, చేతిల గునపం ముక్క.
వెనుక విశాలాక్షి మేడం,
ఆమె వెనుక కంపెనీ తోలిన పిలగాడు, బూట్ల నిండ జలగలు.
అందరి వెనుక సంచులు మోసుకుంట నేను.

ఒక తీగ కాడ ఎర్రక్క ఆగింది.
దాని పేరు ఇక్కడ రాయను.

మానని పుండ్లకన్నది.
మోతాదెంత? అడిగిండు పిలగాడు.
"పుండును బట్టి."
ఏ నెలల తవ్వుతరు?
"పుండు లేచిన నెలల."
వాని నోట్‌బుక్కు మీద వాన చుక్కలే పడ్డయి.

వేరు సగం కోసి, సగం మన్నుల కప్పి
మడిమెతోటి అదిమింది
పిల్లను పండబెట్టినట్టు అని రాద్దామనుకున్న,
కాదు, ఉత్తగ,
పని తెలిసిన మనిషి అదిమినట్టు.

బండ మీద కూసొని మేడం నాలుగు పేజీల ఒప్పందం
తెలుగు చేసి చదివింది. మంచి మనిషి, ఒక్క లైనూ దాటేయలే.
లాభమొస్తే ఊరికి వాట.
"ఎన్నడొస్తది?"
పదిహేనేండ్లు పట్టొచ్చు.
ఎర్రక్క నవ్వింది:
"గప్పటికి నా పుండ్లన్ని మాన్తయి తియ్యి."
వేలిముద్ర వేసి, వేలు చెట్టుకు తుడిచి, మల్ల అన్నది
"సర్పగంధికి కిలకింత అని సేట్లొచ్చిండ్రు.
తవ్వింది వాళ్లు కాదు, మేమే.
ఇయ్యాల ఒక్క వేరుకు మూడు గుట్టలు తిరుగుతున్న.
మీరు లారీలతోటి వస్తే, ఇది మల్ల మొలుస్తదా?"
ఒప్పందంల ఆ ప్రశ్నకు గడి లేదు.

ఇంకో ముచ్చట.
పోయినేడు నా కాలి పుండుకు ఆమె కట్టిన కట్టుల
ఈ తీగ ఒక్కటే లేకుండె. ఇంకో ఆకున్నది.
తిరిగొస్తుంటే ఆ ఆకు పక్క నుంచే నడిచినం.
ఎర్రక్క అటు చూడలే.
నేను చూసిన.
నేను గూడ నోరు తెర్వలే.

బల్ల మీద 2117 ఆరింది.
కుటుంబం, ప్రజాతి, ఎత్తు, తేది,
సేకరించినవారు: మేడం పేరు.
చూపించినవారు అనే గడి
ఈ గదిల ఏ షీటు మీదా లేదు.
వెనుకకు తిప్పి పెన్సిలుతోటి రాసిన: కుర్సం ఎర్రక్క.
సిరా మందునీళ్లకు కారుతది, పెన్సిలు కారదు.
రెండో ఆకు సంగతి పెన్సిలుతోటి గూడ రాయలే.

రాసి, పెద్ద ధర్మాత్ముని లెక్క ఇంటికొచ్చిన.

మా చిన్నదానికి ఏడేండ్ల కింద నెత్తురు క్యాన్సరు.
హైదరాబాదుల వారానికొక సూది.
ఇది బిళ్ళగన్నేరు మందన్నా అన్నది నర్సు.
నాకు ఎర్కనే. ఎన్ని బిళ్ళగన్నేర్లను నా చేతులతోటి అట్టకు కుట్టిన్నో.
ఇప్పుడది తొమ్మిదో తరగతి,
వడ్డెపల్లి చెరువు కట్ట మీద సైకిలు చేతులిడిసి తొక్కుతది.
ఏ దీవిల ఏ ముసలామె
మొదలు ఆ పువ్వుకు వేలు చూపిందో,
ఆమెకేం ముట్టిందో నేనెన్నడు అడిగిన?
ఆమె గూడ అటు చూడకుండ నడిచి ఉంటే?

రాత్రి ఫోను. కంపెనీ పిలగాడు.
"అన్నా, ల్యాబుల సగమే పనిచేస్తున్నదే.
వాళ్లు ఇంకేమన్న కలుపుతరా? నువ్వేమన్న చూసినవా?"
లోపల మా చిన్నది అద్దం ముందట
మళ్ల పెరిగిన జుట్టుకు జడేసుకుంటున్నది.

ఉండు, అన్న.
లైన్ల ఉండు.